సంచి మీద పెట్టినా గుండ్లు చెదురుతున్నాయా?

పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నవారు: స్పెషల్ పోలీసులో ఆయుధ శిక్షకుడిగా పనిచేసి రిటైరైన ఆర్‌ఎస్సై (రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్), హనుమకొండ

ప్రశ్న: నేను ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్‌ని. మొబిలైజేషన్‌లో (ఏటా జరిగే శిక్షణలో) ఎస్‌ఎల్‌ఆర్‌లు (సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లు) జీరో చేయడానికి, అంటే గురి పెట్టిన చోటే గుండు పడేలా సైట్లు సర్దడానికి, మా ఆర్మరర్ (ఆయుధాల మరమ్మతు చూసే) సార్ సిమెంటు బల్ల మీద ఇసుక సంచులు వేయించారు. బోర్లా పడుకొని కొడితే నాకు గుండ్లు దగ్గర దగ్గరగానే పడతాయి. బల్ల మీద, సంచి ఆసరాతో కొడితేనే చెదురుతున్నాయి. చాలాసార్లు నాలుగు ఒకచోట పడి, మొదటిది మాత్రం ఎటో పోతుంది. రైఫిల్‌ది తప్పా, నాదా? – ఒక కానిస్టేబుల్, జగిత్యాల

జవాబు: తమ్ముడూ, బోర్లా పడుకొని బాగా కొడుతున్నావంటే రైఫిల్‌ను అనుమానించే పని లేదు. పడుకున్నప్పుడు రెండు మోచేతులు, భుజం, దవడ అన్నీ పనిచేస్తాయి, ఎందుకంటే అవి పట్టకపోతే రైఫిల్ నిలవదు. బల్ల దగ్గరికి వచ్చేసరికి బరువు సంచి మోస్తోంది కదా అని ఒళ్లు ఊరుకుంటుంది. బట్ (రైఫిల్ వెనుక భాగం) భుజానికి ఆనీ ఆనకుండా ఉంటుంది. ఒక రౌండుకు చెంప గట్టిగా, ఇంకో రౌండుకు తేలిగ్గా. నువ్వు గమనించవు, టార్గెట్ గమనిస్తుంది.

గుండు బయటికి పోయాకే రైఫిల్ తంతుందని మనవాళ్లలో చాలామంది నమ్మకం. అది సరి కాదు. ఎస్‌ఎల్‌ఆర్ బ్యారెల్ (గుండు పోయే గొట్టం) పొడవు 53 సెంటీమీటర్ల పైచిలుకు. గుండు అందులో ఉండేది సెకనులో సుమారు వెయ్యో వంతు. ఆ కాస్త సేపట్లోనే నాలుగు కిలోల పైన బరువున్న రైఫిల్ మిల్లీమీటరో, మిల్లీమీటరున్నరో వెనక్కు జరుగుతుంది. వెనుక భుజం ఎలా ఉంటే రైఫిల్ అలా జరుగుతుంది. భుజం గట్టిగా ఉంటే నేరుగా, వదులుగా ఉంటే రైఫిల్ నోరు (బ్యారెల్ ముందు కొన) కొంచెం పైకి లేచి. అందుకే ప్రతి రౌండుకూ భుజం ఒకేలా ఉండాలంటాను. ఎంత గట్టిగా పట్టాలని కొందరు అడుగుతారు. అయిదో రౌండు దాకా అదే బిగువు నిలుపుకోగలిగినంత. చేయి వణికేంత బిగిస్తే అదీ పనికిరాదు.

గుండు వెళ్లాక లోపల ఇంకో కథ నడుస్తుంది. గ్యాసు పిస్టన్‌ను తంతే బోల్ట్ క్యారియర్ (తూటా వెనుక మూసే బోల్టును మోసే భాగం) వెనక్కు పోయి కొట్టుకుంటుంది, మళ్లీ ముందుకొచ్చి కొత్త రౌండును చాంబర్ (తూటా కూర్చునే గది)లోకి తోసి మూసుకుంటుంది. ఆర్టీసీ బస్సు సడన్ బ్రేకు కొడితే నిలబడ్డవాళ్లు ముందుకు, వెనక్కు ఊగినట్టు రైఫిల్ రెండుసార్లు ఊగుతుంది. పోయిన గుండుకు దీంతో పని లేదు. కానీ రైఫిల్ సంచి మీద తాను ఉన్న చోటు నుంచి జరిగిపోతుంది, రెండో రౌండు కొత్త చోటు నుంచి మొదలవుతుంది. పాయింట్ 303 రైఫిల్ రోజుల్లో బోల్టు చేత్తో లాగేవాళ్లం కాబట్టి ఎలాగూ మళ్లీ సర్దుకొనేవాళ్లం. సెమీ ఆటోమేటిక్‌లో రౌండు దానంతట అదే ఎక్కుతుంది, సర్దుకోవాలన్న సంగతే మరచిపోతారు. ప్రతి రౌండు తర్వాత సంచి మీద రైఫిల్‌ను మొదటి చోటికే తీసుకురా. హ్యాండ్‌గార్డు (బ్యారెల్ చుట్టూ చేత్తో పట్టే భాగం) మీద సంచి తగిలే చోట చాక్‌పీసుతో గీత పెట్టుకుంటే సరిపోతుంది.

సంచి హ్యాండ్‌గార్డు కింద ఉండాలి. బ్యారెల్‌ను సంచికి ఆనించకు, ఆనించావా గుండు పడే చోటు మారుతుంది. స్లింగ్ స్వివెల్ (పట్టీ కట్టే రింగు) సంచికి తట్టుకుంటూ ఉంటే ప్రతి దెబ్బకూ రైఫిల్ గెంతుతుంది, కాబట్టి సంచిని దానికి దూరంగా జరుపు. స్లింగ్ సంచి కింద నలగకుండా పక్కకు వేసెయ్యి. 20 రౌండ్ల మ్యాగజీన్ కింద బల్లకు తగులుతుంది చూడు, అసలు గొడవ చాలాసార్లు అక్కడే. మ్యాగజీన్ కాలు మోపితే రైఫిల్ దాని మీద తిరుగుతుంది. సంచి కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తు పెంచు. ఎత్తు పెరిగింది కాబట్టి స్టూలూ పెంచు. రైఫిల్ నీ కంటి ఎత్తుకు రావాలి. మెడ వంచి రైఫిల్ దగ్గరికి పోతే పదో రౌండుకల్లా మెడ పట్టేస్తుంది.

కూర్చునేది రైఫిల్‌కు సూటిగా వెనుక. రెండు పాదాలూ నేల మీద. పక్కకు తిరిగి కూర్చుంటే దెబ్బ భుజం అంచున పడి రైఫిల్ పక్కకు జారుతుంది. బట్ అడుగున చిన్న సంచి పెట్టుకో. ఎడమ చేయి ముందు కాదు, ఆ చిన్న సంచి మీద. పిడికిలితో సంచి నొక్కితే బట్ లేచి నోరు దిగుతుంది, వదిలితే నోరు లేస్తుంది. పైకీ కిందికీ సర్దుకొనేదంతా ఆ పిడికిలితోనే. శిస్త్ (గురి) తీసుకున్నాక కళ్లు మూసి, ఒక ఊపిరి వదిలి, కళ్లు తెరిచి చూడు. ఫోర్‌సైట్ (ముందు సైటు) బుల్ (టార్గెట్ నడి చుక్క) మీద లేకపోతే చేత్తో నెట్టకు, సంచినో స్టూలునో జరుపు. నెట్టి పట్టుకుంటే ట్రిగ్గర్ పడే క్షణంలో కండరం వదిలేస్తుంది, రైఫిల్ తన చోటికి తాను పోతుంది.

ఇక మొదటి రౌండు. దీనికి మూడు కారణాలుంటాయి, నీదేదో తేల్చడానికి ఒక ఉపాయం చెబుతాను. సెమీ ఆటోమేటిక్‌లో మొదటి రౌండు ఎక్కేది నీ చేతి పనితో, మిగతావి రైఫిల్ సొంత వేగంతో. కాకింగ్ హ్యాండిల్‌ను (బోల్టును వెనక్కు లాగే పిడిని) మెల్లగా, చప్పుడు కాకుండా ముందుకు వదిలేవాళ్లు ఉంటారు. అప్పుడు రౌండు చాంబర్లో ఒకలా కూర్చుంటుంది, బోల్టు కూడా పూర్తి బలంతో మూసుకోదు. పూర్తిగా వెనక్కు లాగి ఒక్కసారిగా వదిలెయ్యి. రెండో కారణం నూనె. బెల్ ఆఫ్ ఆర్మ్స్ (ఆయుధాలు దాచే గది) నుంచి వచ్చిన రైఫిల్ బ్యారెల్ లోపల నూనె ఉంటుంది. పుల్‌త్రూకు (బ్యారెల్ తుడిచే తాడుకు) పొడి చిందీ (గుడ్డ పీలిక) కట్టి, చిందీ తడి లేకుండా వచ్చేదాకా లాగాలి. లాగినా మొదటి రౌండు కొంత వేరుగా పడవచ్చు. మూడోది నువ్వే, చప్పుడుకు ముందే భుజం ముడుచుకోవడం.

ఉపాయం ఇది. మూడు రౌండ్లు కొట్టాక మ్యాగజీన్ తీసి, చాంబర్ ఖాళీ చేసి, రైఫిల్ సేఫ్ చేసి, మళ్లీ మ్యాగజీన్ పెట్టి చేత్తో లోడు చేసి నాలుగోది కొట్టు. అది కూడా మొదటిది పోయిన వైపే పోతే తప్పు లోడింగ్‌ది. నాలుగోది మిగతావాటితో కలిసి పడితే నూనెది. రెండూ కాక ఒకసారి కుడికి, ఒకసారి కిందికి పోతుంటే నీదే. అప్పుడు ఉస్తాద్‌ను (శిక్షకుణ్ని) అడిగి మ్యాగజీన్ మధ్యలో నీకు తెలియకుండా ఒక డ్రిల్ కార్ట్రిజ్ (పేలని ఉత్తుత్తి తూటా) పెట్టించుకో. ట్రిగ్గర్ పడి రౌండు పేలకపోతే రైఫిల్ నోరు కదిలిందా, నిలిచిందా అన్నది నీకూ కనిపిస్తుంది, వెనుక నిలబడ్డవాళ్లకూ కనిపిస్తుంది. కొంచెం సిగ్గనిపిస్తుంది, అంతే.

ట్రిగ్గర్ గురించి ఒక్క మాట. మొదటి ప్రెషర్ (వేలికి బిగువు తగిలేదాకా), రెండో ప్రెషర్ (పేలేదాకా) అందరికీ చెబుతారు. పేలాక వేలు తీయవద్దని తక్కువమంది చెబుతారు. పేలిన తర్వాత కూడా ట్రిగ్గర్‌ను వెనక్కే పట్టి ఉంచు, రైఫిల్ ఊగడం ఆగాక నెమ్మదిగా వదులు, టిక్‌మని తగులుతుంది, మళ్లీ మొదటి ప్రెషర్. వేలిని ఎగరేసే అలవాటు ఉన్నవాడు పేలకముందే ఎగరేయడం మొదలుపెడతాడు.

జీరో విషయంలో తొందర వద్దు. ఎస్‌ఎల్‌ఆర్‌లో ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య దూరం సుమారు 55 సెంటీమీటర్లు. ఫోర్‌సైట్ కొన ఒక్క మిల్లీమీటరు తప్పితే 100 మీటర్ల దగ్గర 18 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అందుకని ఒక్క రౌండు చూసి స్క్రూ తిప్పే ఆర్మరర్‌ను ఆపు. అయిదు రౌండ్ల గ్రూపు, దాని మధ్య బిందువు, ఆ తర్వాతే స్క్రూ. గుండ్లు పైన పడుతుంటే ఫోర్‌సైట్‌ను ఎత్తాలి, కింద పడుతుంటే దించాలి. వెనుక సైటుకు మాత్రం గుండు ఎటు పోవాలో అటే జరపాలి. బల్ల మీద జీరో అయిపోయిందని రిజిస్టర్‌లో సంతకం పెట్టకు. అదే రైఫిల్‌తో బోర్లా పడుకొని మరో అయిదు కొట్టి చూడు. పట్టు మారితే గుండు పడే చోటు కాస్త మారుతుంది, డ్యూటీలో ఎవరూ నీకు బల్ల వేసి పెట్టరు.

ప్రశ్న: అంకుల్, మాది పరకాల. ఉద్యోగం కోసం డల్లాస్ వచ్చాను. ఇక్కడ రేంజిలో స్నేహితుడి బోల్ట్ యాక్షన్ (బోల్టు చేత్తో లాగే) రైఫిల్‌తో 100 గజాల దగ్గర అంగుళంలో కొడుతున్నాను. నా సొంత ఏఆర్ (ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్) రైఫిల్‌తో మూడంగుళాలు దాటుతోంది. స్కోపు మంచిదే కొన్నాను. సంచుల మీద పెట్టి, బోల్ట్ రైఫిల్‌కు చేసినట్టే చేయి తగలకుండా వదిలేసి ట్రిగ్గర్ మాత్రమే నొక్కుతున్నాను. బ్యారెల్ మార్చమంటున్నారు. మార్చాలా?

జవాబు: డబ్బు జేబులోనే ఉంచు బిడ్డా. జవాబు నీ ఉత్తరంలోనే రాశావు, "చేయి తగలకుండా" అని.

బెంచ్‌రెస్ట్ (బల్ల మీద పెట్టి కొట్టే) పోటీలవాళ్లు రైఫిల్‌ను తగలీ తగలకుండా వదిలేస్తారు, నిజమే. అవి బరువైన రైఫిళ్లు. ఫోరెండు (సంచి మీద ఆనే ముందు భాగం) చదునుగా, వెడల్పుగా ఉంటుంది, ట్రిగ్గర్ కొన్ని ఔన్సులకే పడిపోతుంది. నీ రైఫిల్ చూడు. మిలిటరీ తరహా ట్రిగ్గర్ అయితే అయిదున్నర పౌండ్లకు పైనే ఉంటుంది. రైఫిల్ బరువు ఏడు పౌండ్ల దగ్గర. దాదాపు తన బరువంత బలంతో వేలు వెనక్కు లాగుతుంటే, వదులుగా ఉన్న రైఫిల్ పేలకముందే కదలదా? పైగా సెమీ ఆటోమేటిక్ సరిగా తిరగాలన్నా వెనుక భుజం ఆసరా కావాలి. జగిత్యాల తమ్ముడికి చెప్పినదంతా నీకూ వర్తిస్తుంది. బట్‌ను కుడిచేత్తో నేరుగా భుజంలోకి లాగు, చెంపను స్టాక్ మీద ప్రతిసారీ ఒకే చోట ఆనించు, ఎడమ చేయి వెనుక సంచి మీద. 30 రౌండ్ల మ్యాగజీన్ పక్కన పెట్టి పది రౌండ్లదో, అయిదు రౌండ్లదో తెచ్చుకుంటే బల్ల గొడవ ఉండదు.

హ్యాండ్‌గార్డు బ్యారెల్‌కు తగలకుండా ఉండే రకమా, లేక ముందు చివర బ్యారెల్‌ను పట్టుకొని ఉండే పాత రకమా చూసుకో. పాత రకమైతే సంచి ఒత్తిడి, నీ చేతి ఒత్తిడి నేరుగా బ్యారెల్‌కు చేరతాయి. అప్పుడు సంచిని వీలైనంత వెనక్కు, మ్యాగజీన్ దగ్గరికి తేవాలి, ఎప్పుడూ ఆ చోటే ఉంచాలి. బైపాడ్‌ను (ముందుండే రెండు కాళ్ల ఆసరాను) ముందుకు నెట్టి బిగించుకొనే అలవాటుంటే పాత రకంతో అది కూడదు.

తూటాల సంగతి రాయలేదు నువ్వు. స్నేహితుడు మ్యాచ్ (పోటీ తరహా) తూటాలు వాడి, నువ్వు చవక పెట్టెలోవి వాడుతుంటే రెండు రైఫిళ్లనూ పోల్చడమే తప్పు. 55 గ్రెయిన్ల (గుండు బరువు) మామూలు తూటాలు ఒక పెట్టె, 69 గ్రెయిన్లదో 77 గ్రెయిన్లదో మ్యాచ్ తూటాలు ఒక పెట్టె తీసుకో. బ్యారెల్ మీద ట్విస్ట్ (లోపలి గాళ్లు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయో) ఎంతో రాసి ఉంటుంది. ఏడంగుళాలకో ఎనిమిదంగుళాలకో ఒక చుట్టు అయితే 77 బాగానే నిలుస్తుంది. తొమ్మిది అయితే 69తో ఆగు. మూడు రౌండ్ల గ్రూపు చూపించి మురిసిపోకు, మూడు రౌండ్లు ఎవరికైనా కలుస్తాయి. పది కొట్టు.

స్కోపు మంచిదే అన్నావు. తల కొంచెం అటూ ఇటూ ఆడించి చూడు. క్రాస్ గీత టార్గెట్ మీద పాకుతుంటే పారలాక్స్ సర్దలేదని అర్థం. మౌంటు స్క్రూలు వదులయ్యాయేమో కూడా చూడు, మూడంగుళాల గ్రూపులకు ఆ స్క్రూలే కారణమైన రైఫిళ్లు కొల్లలు.

ఇంకొకటి, ఇది గురి కోసం కాదు, ఒంటి కోసం. బెంచి మీద తీరిగ్గా కూర్చుని ఒక్కో తూటాను చేత్తో చాంబర్లో వేసి బోల్టు వదిలేవాళ్లను రేంజిల్లో చూస్తుంటారు. నీ రైఫిల్‌లో ఫైరింగ్ పిన్‌కు (తూటాను పేల్చే సూదికి) స్ప్రింగు ఉండదు, బోల్టు మూసుకున్న ప్రతిసారీ అది ప్రైమర్‌ను (తూటా అడుగున మందు అంటించే బిళ్లను) చిన్నగా తాకుతుంది. తూటా అడుగున చూస్తే చిన్న చుక్క కనపడుతుంది. తూటా ముందే చాంబర్లో ఉంటే బోల్టుకు ఆపేది ఏదీ ఉండదు, పూర్తి వేగంతో వచ్చి కొడుతుంది. ఒక్కటే కొట్టాలన్నా ఆ ఒక్కటీ మ్యాగజీన్‌లో పెట్టే లోడు చెయ్యి. కొట్టకుండా తీసిన తూటాను పదే పదే ఎక్కించకు, గుండు కేసులోకి (తూటా గొట్టంలోకి) దిగబడుతుంది, ఒత్తిడి పెరుగుతుంది.

నెల తర్వాత కూడా మూడంగుళాలే వస్తే అప్పుడు బ్యారెల్ మాట మాట్లాడుకుందాం.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. కోచ్ గారు ఇప్పటికీ రైఫిల్‌ను స్టాండు మీద ఆనించే కొట్టిస్తున్నారు. పోటీలో నిలబడి కొట్టాలి కదా, ఇలా అయితే ఊతకు అలవాటు పడదా? ఎయిర్ రైఫిల్ ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్సు కావాలా? – ఒక తల్లి, కాజీపేట

జవాబు: చెల్లెమ్మా, మీ కోచ్ చేస్తున్నది సరైన పనే. నాలుగైదు కిలోల రైఫిల్ మోస్తూనే ట్రిగ్గర్, ఊపిరి, సైటు అన్నీ ఒకేసారి నేర్చుకోమంటే పిల్ల దేన్నీ నేర్చుకోదు. బరువు స్టాండుకు ఇచ్చి మిగతావి నేర్పుతున్నారు. స్టాండు మీద కూడా టార్గెట్ నడి చుక్క చుట్టూ పెల్లెట్లు పడకపోతే నిలబెట్టి ప్రయోజనం లేదు. గుండ్లు ఒకచోట పడుతున్నా నెలల తరబడి స్టాండు తీయకపోతే మాత్రం కోచ్‌నే మర్యాదగా అడగండి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ మన హైదరాబాద్‌లో పెరిగినవాడే, పాపకు ఆ ఫైనల్ చూపించండి. పేలిన తర్వాత కూడా అతని తల ఎంతసేపు స్టాక్ మీదే ఉంటుందో గమనించమనండి.

లైసెన్సు సంగతి: 2016 ఆయుధ నియమాల ప్రకారం పాయింట్ 177 బోరు దాటని, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. పోటీల రైఫిళ్లు ఈ లెక్కలోపే ఉంటాయి. బిల్లు జాగ్రత్త పెట్టుకోండి, రైఫిల్‌ను బడికి, పార్కుకు తీసుకుపోనివ్వకండి.

ప్రశ్న: సర్, రేంజికి సంచులు మేమే కుట్టుకోవాలనుకుంటున్నాం. ఏం నింపాలి? – ఎన్‌సీసీ క్యాడెట్, హనుమకొండ

జవాబు: ముందు సంచికి ఇసుకే. జల్లెడ పట్టి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టిన ఇసుక. తడి ఇసుక గట్టిపడి రాయి అవుతుంది, రైఫిల్ దాని మీద గెంతుతుంది. ముప్పావు వంతే నింపండి, మధ్యలో పిడికిలితో కొట్టి గాడి చేస్తే రైఫిల్ అందులో కూర్చుంటుంది. గోనె సంచి ఒక్కటే అయితే పోగుల సందుల్లోంచి ఇసుక కారి బోల్టులో పడుతుంది, లోపల మందపాటి కాటన్ గుడ్డ ఉండాలి. వెనుక సంచికి పాత ఖాకీ ప్యాంటు కాలు మోకాలి దగ్గర కోసి రెండు వైపులా కుట్టండి, దాన్ని మించింది కొట్లో దొరకదు. కొందరు బియ్యం పోస్తారు. తేలిగ్గా ఉంటుంది గానీ వానాకాలం వచ్చేసరికి పురుగు పడుతుంది, తర్వాత ఎలుకలు.

ప్రశ్న: ఏప్రిల్, మే నెలల్లో ఫైరింగ్ ఉంటే గుండ్లు పైపైకి పోతున్నాయి. చెవుల్లో దూది పెట్టుకుంటే సరిపోతుందా? – హోంగార్డు, మంచిర్యాల

జవాబు: మీ దిక్కు ఎండలు నాకు తెలుసు. తూటాల డబ్బా ఎండలో ఉంటే లోపలి మందు వేడెక్కుతుంది, గుండు వేగం పెరిగి పైన పడుతుంది. డబ్బాను చెట్టు నీడలో, పైన తడిపిన గోనె పట్టా కప్పి ఉంచండి, తూటాలు మాత్రం తడవకూడదు. వేడెక్కిన చాంబర్లో రౌండు వదిలేసి బాతాఖానీ కొట్టవద్దు, ఎక్కించాక కొట్టండి, కొట్టకపోతే తీసెయ్యండి. బ్యారెల్ మీది వేడిగాలికి ఫోర్‌సైట్ అలల్లా కదులుతుంది, దాన్ని చూసి శిస్త్ మార్చకండి, రైఫిల్ ఆరేదాకా ఆగండి. వీలైతే ఉదయం తొమ్మిదిలోపే ఫైరింగ్ ముగించమని మీ ఆఫీసరును అడగండి.

దూది సరిపోదు. రేకుల కప్పు కింద బల్ల వేసి కొడితే చప్పుడు పైనుంచి తిరిగి వచ్చి ఇంకా గట్టిగా తగులుతుంది. ఫోము ప్లగ్గులు మెడికల్ షాపులో కొన్ని రూపాయలకే దొరుకుతాయి. సన్నగా నలిపి, ఇంకో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి తోసి, ఉబ్బేదాకా వేలితో పట్టి ఉంచండి. పైన ఇయర్ మఫ్ కూడా ఉంటే ఇంకా మంచిది, దాని అంచు స్టాక్‌కు తగిలి చెంప జరగకుండా చూసుకోండి.

(వచ్చే సంచికకు ప్రశ్నలు పోస్టుకార్డు మీద రాసినా చాలు. వాడే రైఫిల్, దూరం, ఏ పొజిషన్‌లో కొట్టారో తప్పక రాయండి. గుండ్లు పడిన టార్గెట్ కాగితం జత చేస్తే మరీ మంచిది.)